బానెట్ ఎత్తిన ఆదివారం

మా గ్యారేజ్‌లో నా సవతి ఉంది. నీలం రంగు, ముక్కు నుంచి తోక దాకా రెండు తెల్ల చారలు, రెండే తలుపులు, వయసులో నాకంటే కొంచెం చిన్నది. మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చిన రోజునే ఆ పేరు పెట్టాను. "సవతేమిటోయ్, దీన్ని మజిల్ కార్ అంటారు" అని ఆయన పగలబడి నవ్వారు. ఏమంటే ఏం లెండి, ఆదివారం తెల్లారితే చాలు, నన్ను వదిలేసి దానితో ఊరేగేవారు.

మేముండేది కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో. మా వీధిలో సగానికి సగం మనవాళ్ళే, ఇంటింటికీ ఒక ఎలక్ట్రిక్ కారు. పిల్లుల్లా వస్తాయి, పిల్లుల్లా పోతాయి. అలాంటి వీధిలో మా ఆయన తన కారు స్టార్ట్ చేస్తే వంటింట్లో గిన్నెలు కదిలేవి. అసలే అది పాతకాలం అమెరికా బండి, చిన్న ఒంట్లో లారీకి పెట్టాల్సినంత ఇంజన్. అది చాలదన్నట్టు పొగగొట్టాలు మార్పించారు, ఇంజన్ లోపల ఏదో రాడ్డు మార్పించారు. ఆ రాడ్డు మారాక అది ఊరికే నిలబడి ఉన్నా డుబ్ డుబ్, డుబ్ అంటూ ఊగుతుంది. "బాగున్నదాన్ని పాడు చేయించుకొచ్చారేమండీ?" అన్నాను. "అదేనోయ్ దీని అందం" అన్నారు. అందమట, నా మొహం!

ఆయన సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారు. రోజంతా ఏం చేస్తారో ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకెక్కేది కాదు. చేసింది చేత్తో పట్టుకుని చూపించే పని కాదు మరి. కారు దగ్గర మాత్రం మనిషి మారిపోయేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "చూడు, ఇక్కడ తొక్కితే వైరు లాగుతుంది, వైరు లాగితే అక్కడ మూత తెరుచుకుంటుంది, పెట్రోలు పడుతుంది, బండి లేస్తుంది. నా కాలికీ దానికీ మధ్యలో ఇంకెవడూ లేడు" అనేవారు. కాలు నొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోయేది. నేను "రామ రామ" అంటూ తలుపు పట్టుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకూ సరదాగానే ఉండేది, కానీ ఆయన ముందు ఒప్పుకుంటే ఇంకేమైనా ఉందా!

ప్రతి ఆదివారం పొద్దున పక్క ఊళ్ళో ఒక షాపింగ్ ప్లాజా పార్కింగ్‌లో ఇలాంటి పాత కార్లవాళ్ళంతా చేరతారు. కాఫీ తాగుతారు, ఒకరి కార్లు ఒకరు చూసుకుంటారు. "నువ్వూ రావోయ్" అని ఆయన పిలిచేవారు. నాకా ఆదివారం పొద్దున ఇండియా ఫోన్లు, పిండి, చట్నీ. "మీ పిచ్చి మీకానందం, నన్ను లాగకండి" అనేదాన్ని. ఆయన తిరిగొచ్చేటప్పుడు మా వీధి మలుపులో ఆ కారు ఒక్కసారి గర్జించేది. అది వినగానే నేను పెనం పొయ్యి మీద పెట్టేదాన్ని. ఆయన కారు లోపల పెట్టి, చేతులు కడుక్కుని కూర్చునేసరికి దోసె కంచంలో పడేది. అంత లెక్కగా ఎలా చేస్తున్నానో ఆయనకు తెలియదని లోలోపల మురిసిపోయేదాన్ని. "మలుపులో ఆ మోతెందుకండీ, చిన్నపిల్లలున్న వీధి!" అని పైకి మాత్రం తిట్టేదాన్ని. ఆయన నవ్వి దోసె తుంచుకునేవారు తప్ప ఎన్నడూ మానలేదు.

పోయినేడాది ఆయన గుండె ఆగిపోయింది. ఇంట్లో చప్పుడు కూడా ఆయనతోనే పోయింది.

రెడ్‌మండ్‌లో ఉండే మా అమ్మాయి కొన్నాళ్ళుండి వెళ్ళింది. స్నేహితులు వచ్చారు, అన్నం కూరలు తెచ్చారు, పాపం ఎవరినీ ఏమీ అనను. కానీ ఒక్కరూ ఆయన పేరెత్తరు. ఎత్తితే నేను ఏడుస్తానని భయం. వీసాలు, ఇళ్ళ రేట్లు, పిల్లల కాలేజీలు, అవే మాటలు. ఆయన మాట నా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయేది. ఏడిస్తే ఏడుస్తాను, కొంప మునుగుతుందా? ఆయన గురించి నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి కావాలి నాకు. అంతకు మించి ఏమీ అక్కర్లేదనిపించేది.

కారు మిగిలింది. వారానికోసారైనా తిప్పకపోతే లోపల పెట్రోలు జిగురుకట్టి పాడైపోతుందని ఆయన ఎప్పుడూ అనేవారు. గేర్ల బండి నాకు కొత్తేమీ కాదు, పెళ్ళికి ముందు వైజాగ్‌లో మా నాన్న జీపు నడిపినదాన్నే. అందుకని ఒక ఆదివారం నేనే తాళం తీసుకుని ఆ పార్కింగ్‌కి వెళ్ళాను. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా అక్కడ ఉంటారని నా ఆశ.

వెళ్ళేసరికి ఏముంది! వరసగా ఎరుపు, పసుపు, నలుపు కార్లు, అన్నిటికీ బానెట్లు పైకెత్తి ఉన్నాయి. మన రోడ్ల మీద బానెట్ ఎత్తి నిలబెట్టారంటే బండి ఆగిపోయినట్టేగా! "అయ్యో పాపం, ఇన్ని కార్లు ఒకేసారి పాడయ్యాయా" అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, చూపించుకోవడానికి ఎత్తారని. మన కారు శుభ్రంగా నడుస్తోంది కదా, మనకెందుకా కర్మ అనుకున్నాను. పైగా పదిమందిలో ఆయన ఇంజన్‌ని అలా తెరిచి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. బానెట్ మూసి ఉంచి, మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చున్నాను.

ఒక్కరు పలకరిస్తే ఒట్టు. పక్కన పసుపు కారు పెద్దాయన, తెల్ల గడ్డం, నెత్తిన టోపీ. టోపీ కొంచెం ఎత్తి తల ఊపాడు, అంతే, అటు తిరిగి ఎవరితోనో మాటల్లో పడ్డాడు. జనం ఆ పెద్దాయన కారు చూస్తారు, నా కారు దాటి అవతలి కారు దగ్గరికి పోతారు. చూపులు మాత్రం నా కారు మీదే ఉంటాయి. నేను ముఖం అటు తిప్పితే వాళ్ళు ఇటు తిప్పేస్తారు.

అయినా మళ్ళీ వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా అదే తంతు. ఎప్పుడు వెళ్ళినా ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉండేది, బయటికి పోయే దారి పక్కన, చెత్తడబ్బా దగ్గర. ఎవరికీ పనికిరానిది నాకు మిగిల్చారన్నమాట అనుకునేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. నా రంగు నచ్చలేదా, నా చీర నచ్చలేదా, ఆడదానికి ఈ బండేమిటనుకుంటున్నారా? ఆయనతో ఏళ్ళ తరబడి కాఫీలు తాగినవాళ్ళు ఒక్కమాట అడగరా, ఆయనేమయ్యారని? లేక ఆయన్ని కూడా ఇలాగే ఒంటరిగా కూర్చోబెట్టారా? ఆ ఆలోచన వచ్చిన రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

చివరికి మా అమ్మాయి మాటకి ఒప్పుకున్నాను. "అమ్మా, ప్లీజ్, సెల్ చేసెయ్. నువ్వు అక్కడ అలోన్‌గా కూర్చుంటే నాకు బాలేదు" అంటుంది ఫోన్‌లో. తనే కొనేవాళ్ళని వెతికింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చి కారు తీసుకుపోతారని చెప్పింది. సరే, ఆ పొద్దున ఆఖరిసారి దాన్ని అక్కడికి తీసుకెళ్దామని బయలుదేరాను.

ఎప్పటిలాగే ఎవరూ మాట్లాడలేదు. టీ అయిపోయింది. "పదవే సవతీ, నీకూ నాకూ రుణం తీరిపోయింది" అని కుర్చీ మడిచి లోపల కూర్చున్నాను. పొద్దున చల్లని ఇంజన్‌కి చేసినట్టే పెడల్ రెండుసార్లు తొక్కి తాళం తిప్పాను. గుర్రుమంది గానీ అంటుకోలేదు. మళ్ళీ తొక్కాను, మళ్ళీ తిప్పాను. పెట్రోలు వాసన గుప్పుమంది. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఈ రోజే చావాలా నువ్వు? దిగి, మన రోడ్ల మీద చేసే పనే చేశాను. బానెట్ ఎత్తి, కర్ర ఆనించి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాను.

అంతే. పసుపు కారు పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టేసి వచ్చాడు. అవతలి నుంచి ఇద్దరు ముగ్గురు, వాళ్ళ వెనక మరికొందరు. అందరి ముఖాల్లో నవ్వు. బండి పాడైతే నవ్వుతారేమిటి వీళ్ళు అని నేను ఉడుక్కుంటుంటే, పెద్దాయన టోపీ పూర్తిగా తీసేశాడు.

"తెరిచారన్నమాట! మీరెప్పుడు తెరుస్తారా అని ప్రతి ఆదివారం చూస్తున్నాం" అన్నాడు.

"తెరవడమేమిటి? స్టార్ట్ కావడం లేదు!" అన్నాను విసురుగా.

పెద్దాయన ఇంజన్ వైపు చూసి, వాసన చూసి, "వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కారా? పెట్రోలు ఎక్కువైంది, అంతే. కాసేపు ఆగి, పెడల్ కింది దాకా నొక్కి పట్టుకుని తిప్పండి, అంటుకుంటుంది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇక్కడ మా పద్ధతి ఒకటుంది. బానెట్ ఎత్తి ఉంటే రండి, మాట్లాడండి అని. మూసి ఉంటే ఆ మనిషిని వదిలేయాలి. మీ ఆయన రావడం మానేశాడు. తర్వాత మీరు ఒక్కరే ఈ కారులో వచ్చారు. మాకు అర్థమైంది. బానెట్ మూసి కూర్చున్నారు. దుఃఖంలో ఉన్నారు, మనం తొందరపడకూడదని అందరికీ నేనే చెప్పాను."

ఆ మనిషి నన్ను వెలివేశాడనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మీ ఆయన చోటులో కూడా ఎవరినీ కారు పెట్టనివ్వలేదు" అన్నాడు, చెత్తడబ్బా వైపు చూపిస్తూ.

"ఇదా? ఈ చోటా? ఇది ఆయన చోటా?"

"కావాలని ఎంచుకున్నాడు. దారి పక్కన కదా, అందరికంటే ముందు బయటపడొచ్చని. ఎంత మంచి మాటల్లో ఉన్నా లేచిపోయేవాడు. ఇంకాసేపు ఉండవయ్యా అంటే, మా ఆవిడ టిఫిన్ అనేవాడు. వీధి మలుపులో ఒకసారి గట్టిగా తొక్కుతాను, అది విని ఆవిడ పెనం పెడుతుంది, నాకు తెలుసని ఆవిడకి తెలియదు, చెప్పకండి అనేవాడు. మాకందరికీ చెప్పాడు. దోసె, కదూ?" ఆ మాట పెద్దాయన నోట్లో సరిగ్గా తిరగలేదు. కానీ పలికాడు.

నేను ఏడ్చాను. అంతమంది ముందు, బానెట్ పట్టుకుని, ముక్కు చీదుతూ ఏడ్చాను. ఎవరూ మాట మార్చలేదు. ఒకామె నా చేతిలో కాగితం రుమాలు పెట్టి, మా ఆయన తన కారుకి వైరింగ్ ఎలా సరిచేశారో చెప్పింది. ఇంకొకరు ఆయన జోకులు చెప్పారు, ఒక్కటీ బాలేదు, ఇంట్లోనూ అవే చెప్పేవారు. ఏడుస్తూనే నవ్వాను. ఆయన పేరు అంతమంది నోట వినడం ఎంత కాలమైందో!

అక్కడి నుంచే మా అమ్మాయికి ఫోన్ చేశాను. "వాళ్ళని రావద్దని చెప్పమ్మా. కారు అమ్మను" అన్నాను.

"వై? అమ్మా, ఆర్ యూ ఓకే?"

పెద్దాయన చెప్పింది చెప్పాను. "చిన్నప్పుడు ఆ టర్న్ దగ్గర సౌండ్ వస్తే నేను బెడ్ దిగేదాన్ని, అమ్మా. ఇట్ మెంట్ దోసె రెడీ" అంది.

పెద్దాయన చెప్పినట్టు పెడల్ ఒక్కసారే కింది దాకా నొక్కి పట్టుకుని తాళం తిప్పాను. అంటుకుంది. దారి పక్కనే కదా, అందరికంటే ముందు బయటపడ్డాను. చేతులూపుతున్న వాళ్ళు అద్దంలో కాసేపు కనిపించారు. తర్వాత ఫ్రీవే, తర్వాత మా ఊరి సిగ్నళ్ళు, తర్వాత చప్పుడు లేని మా వీధి.

మలుపు దగ్గర కాలు గట్టిగా నొక్కాను. వీధి వీధంతా దద్దరిల్లింది. అక్కడి నుంచి మా వంటింటి కిటికీ తిన్నగా కనిపిస్తుందని నేను అప్పుడే గమనించాను. ప్రతి ఆదివారం ఆయన ఇక్కడి నుంచి, ఆ కిటికీలో నేను పొయ్యి వైపు పరిగెత్తడం చూస్తూ వచ్చేవారన్నమాట. ఇప్పుడు ఆ కిటికీలో ఎవరూ లేరు. తెలిసే, ఇంకొకసారి నొక్కాను.