ఒక తలుపుకు మాత్రం రంగు

మా ఎదురింటివాళ్లు ఇనుప గేటుకు రంగు వేయిస్తున్నారు. పొద్దున్నుంచి థిన్నరు వాసన తిరుపతి ఎండతో కలిసి కిటికీలోంచి వస్తూనే ఉంది. తలనొప్పిగా ఉంది, కిటికీ మూయమని అమ్మ అంది. నేను చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి, ఇంకాస్త సేపు ఉండనీ అన్నాను. ఆ వాసన వస్తే నాకు చిత్తూరు గుర్తుకొస్తుంది, రాజేశ్వరి మేడం గుర్తుకొస్తారు, ఆమె కారు గుర్తుకొస్తుంది. ఈ మూడింటినీ విడివిడిగా తలుచుకోవడం నాకు చేతకాదు.

డిగ్రీ అయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం చిత్తూరులో ఆమె నడిపే పెళ్లికార్డుల ప్రెస్సులో. అచ్చుకు వెళ్లే ముందు కార్డు చదివి తప్పులు పట్టడం నా పని. చదవడం నాకు ఇష్టం. పట్టిన తప్పును ఇంకొకరికి చెప్పడమే కష్టం. ఎదుటి మనిషి ముఖం చూడగానే నా గొంతు ఎక్కడికో పోయేది. అనాల్సిన మాటలన్నీ ఇంటికి తెచ్చుకుని డైరీలో రాసుకునేదాన్ని. ప్రెస్సులో మాత్రం మేడం పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. ప్రూఫును, కార్డు వేయించుకునే పార్టీ ఎదుట నిలబడి పైకి చదవాలి. చివర్లో ‘సరిగ్గా ఉంది’ అనో ‘తప్పుంది’ అనో నోటితో అనాలి. ఫోనులో బొటనవేలి బొమ్మ పంపితే ఆమె దగ్గర చెల్లేది కాదు. చేరిన కొత్తలో ఒకసారి నేను తల ఊపి ఊరుకుంటే, పెళ్లికొడుకు తండ్రి ముందే మేడం అన్నారు:

“తల ఊపేది గంగిరెద్దు, పాపా. నోటితో చెప్పు. నువ్వు చెప్పేదాకా ఈయన కొడుక్కు పెండ్లి కాదు.”

ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. “చెప్పమ్మా, ముహూర్తం దగ్గర పడతా ఉండాది,” అన్నాడు. చెప్పాను. మాట బయటికి రావడానికి ఒక పెళ్లిని పణంగా పెట్టాల్సి వచ్చింది.

ఇక కారు. ఐరాల దగ్గర ఎవరో రైతు కోళ్ల షెడ్డు పక్కన నిలిపి మరిచిపోయిన పాత అంబాసిడరును ఆమె ముచ్చటపడి కొనుక్కున్నారు. ఆదివారం వస్తే కుచ్చిళ్లు దోపి, బానెట్ ఎత్తి, సగం మనిషి లోపలికి దూరిపోయేవారు. సరదాకు కొన్న బండే అయినా కప్పి దాచుకునేవారు కాదు. రోజూ ప్రెస్సుకు వచ్చేది అందులోనే, కాగితం కట్టలు తెచ్చేది అందులోనే, నగరి దాకా వెళ్లి కార్డులు ఇచ్చొచ్చేది అందులోనే. పుట్టుకతో అది తెల్లది. తర్వాత ఒక వెనక తలుపు ఏదో బండి నుంచి నీలంగా వచ్చి చేరింది. డిక్కీ మీద ఎర్రటి ప్రైమరు పూత మిగిలింది. మిగతా చోట్ల తుప్పు తనకు తోచినట్టు పాకింది. చిత్తూరులో ఆమె ఎక్కడ ఉన్నారో తెలియాలంటే ఫోను చేయక్కర్లేదు, వీధిలోకి తొంగి చూస్తే చాలు.

ఆ కారులోనే నాకు డ్రైవింగ్ నేర్పారు. నేను అడగలేదు, అడిగే మనిషినైతే కదా. మామిడి కాపు లేని నెలల్లో ఖాళీగా పడి ఉండే మండీ ఆవరణకు పొద్దున్నే తీసుకెళ్లి, స్టీరింగు నా చేతికి ఇచ్చేవారు. ఒకరోజు మండీ గేటు స్తంభానికి బండిని బర్రున రాశాను. ఆమె దిగి, స్తంభాన్ని తడిమి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. “స్తంభానికేం కాలా. నడుపు,” అన్నారు. బండి వైపు చూడనైనా లేదు. రోజు మొత్తంలో నేను దేనికీ భయపడని సమయం అదొక్కటే. గేరు మార్చేటప్పుడు పాట కూడా పాడుకునేదాన్నని మేడం చెబితే గానీ నాకు తెలియలేదు.

అలాంటి కారుకు రంగు వేయించాలన్న ఆలోచన ఒక కల్యాణ మండపం దగ్గర పుట్టింది. మేము కార్డులు వేసిన పెళ్లికి ఆమె పట్టుచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. కారును చూసి వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“వంటోళ్లు ఎనక గేటు నుంచి రావాల.”

“నేను పెండ్లికి వచ్చినానప్పా.”

“వంటోళ్లు గూడా పెండ్లికే గదమ్మా వచ్చేది.”

ఆమె నవ్వి, కారును వెనక గేటుకే తిప్పి, కూరగాయల ఆటో పక్కన నిలిపారు. కానీ భోజనంలో రెండోసారి పాయసం వద్దన్నారు. ఆమె పాయసం వద్దనడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడే పలమనేరు రోడ్డులో బాషా షెడ్డుకు వెళ్లాం. పెయింటరు బాషా బండిని చూసి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

“ఊరికే పైపైన కొట్టేయమంటే తక్కువలో అయిపోతాదక్కా. సొట్టలు తీసి, మామూలు రంగు మంచిగా కొట్టాలంటే ఇంకొంచెం అవుతాది. అట్లగాకుండా పాతదంతా రేకుదాకా గీకి చేసినామంటే...” ఇక్కడ అతని గొంతు మారింది. “పెండ్లికూతురే. అద్దం మాదిరి ముకం సూసుకోవచ్చు.”

ఆ అద్దానికి అతను చెప్పిన ధరకు ప్రెస్సులో కొత్త కటింగ్ మిషను వచ్చేది. మేడం నోరు తెరిచేలోపు అతను ఇంకో మాట కూడా అన్నాడు. “ఒకటి మాత్రం సెప్తాండాను. అంత పని జేసినాక నేర్చుకునేవోళ్ల చేతికి ఇయ్యగూడదు.”

మేడం నా వైపు చూడలేదు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఆ వారమంతా ప్రెస్సుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆమె సలహా అడిగారు. కార్డుకు వచ్చిన ఒకాయన, కూతురి పెళ్లి ఖర్చు కూడా మరిచిపోయి, మెటాలిక్ రంగు మేలని గంటసేపు వాదించాడు. మేడం నన్ను మాత్రం అడగలేదు. అడిగితే ఏమనాలో డైరీలో పేజీలకు పేజీలు రాసిపెట్టుకున్నాను. నాకు డ్రైవింగ్ పూర్తిగా రాకముందే ఆ కారు పెళ్లికూతురైపోతే నా పని అంతే.

చివరికి ఆమె తన వృత్తికి తగిన నిర్ణయమే తీసుకున్నారు. “ప్రూఫ్ సూడకుండా అచ్చుకు ఇస్తామా? ముందు ఒక తలుపు కొట్టు,” అని బాషాకు చెప్పారు. డ్రైవరు వైపు తలుపు ఊడదీసి, ఖరీదైన పద్ధతిలో ముదురు మెరూన్ కొట్టి బిగించాడు.

తలుపు నిజంగా అద్దమే. కష్టాలు అక్కడే మొదలయ్యాయి. మేడం దాన్ని కొంగు చుట్టిన చేత్తో తెరవడం మొదలుపెట్టారు. రెండు రోజులకు తెరవడమే మానేసి, ఎడమ వైపు నుంచి ఎక్కి, గేరు రాడ్డు దాటుకుంటూ సీటులోకి జరిగేవారు. ప్రెస్సు ముందు సైకిళ్లు ఉంటాయని పక్కవీధిలో నిలిపి, కాగితం కట్టలు మోసుకుంటూ నడిచి వచ్చేవారు. తలుపులో తన నీడ చూసుకుని కొమ్ములు దించిన మేకపోతును గొడుగుతో తరిమారు. ఆ మేకపోతు యజమానితో జరిగిన మాటల్ని నేను డైరీలో కూడా రాయలేకపోయాను. మండీకి వెళ్లినా స్టీరింగు నాకు ఇవ్వలేదు. “ఈ పొద్దు వద్దులే పాపా, స్తంభాలున్నాయి,” అన్నారు. స్తంభాలు అంతకుముందూ ఉన్నవే.

వారం గడిచాక బాషా మిగతా బండి పనికి అడ్వాన్సు కోసం ప్రెస్సుకు వచ్చాడు. మేడం మమ్మల్నిద్దరినీ పక్కవీధిలో కారు దగ్గరికి తీసుకెళ్లారు. కాగితం కట్టలు మోసి మోసి నొప్పి పుట్టిన భుజాన్ని పట్టుకునే నిలబడ్డారు.

“ఏం పాపా, ప్రూఫ్ వచ్చి వారమాయె. సెప్పు.”

నేను తల ఊపాను. ఏ వైపుకు ఊపానో నాకే తెలియదు.

“నోటితో.”

డైరీలో రాసుకున్న పేజీల్లో ఒక్క ముక్క గుర్తు రాలేదు. నాకు పనిలో అలవాటైన మాటే వచ్చింది.

“తప్పుంది మేడం.”

బాషా ఉలిక్కిపడి తలుపు మీదికి వంగాడు. “యాడ? యాడుంది తప్పు?”

“తలుపులో లేదన్నా. తలుపు చాలా బాగుంది.” గొంతు పోకముందే మిగతాది కూడా అనేశాను. “ఇది వచ్చినప్పటి నుంచి మేడమే బాగాలేరు. మీరు కారులో తిరగడం లేదు మేడం, కారుకు కాపలా ఉంటున్నారు. నాకు నేర్పించడం కూడా మానేశారు. నాకు నేర్చుకోవాలని ఉంది.”

మేడం భుజం మీద చెయ్యి తీసి, కొంగు చుట్టకుండా తలుపు పిడి పట్టుకుని తెరిచారు. నేరుగా ఎక్కి కూర్చున్నారు. ఎన్ని రోజుల తర్వాతో తన ఇంటికి తాను వచ్చిన మనిషిలా ఉన్నారు.

“బాషా, మామూలు రంగు కొట్టు. సొట్టలు తీసి, అంతా ఒకటే రంగు. గీత పడితే నేనే బ్రష్షుతో పూసుకునేట్లుండాల. ఒక డబ్బా డిక్కీలో పెట్టు.”

“మరి ఈ తలుపు? దీని మీద గూడా మామూలు రంగు కొట్టమంటావా? నా చేత కాదక్కా. కావాలంటే ఇంకెవరి దగ్గరికన్నా పో.” బాషా కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

అందుకే మిగతా బండంతా ఒక మెరూన్, ఆ తలుపు ఒక్కటీ ఇంకో మెరూన్ అయింది. కాణిపాకంలో పూజకు తీసుకెళితే, పూజారి బానెట్ మీద పసుపూ కుంకుమా ఎక్కడ పూయాలా అని సందేహిస్తుంటే, “యాడ కావాలంటే ఆడ పూయండి సామీ, భయం ల్యా,” అన్నారు మేడం. ఆ తర్వాత కల్యాణ మండపాల్లో ఆమెను ముందు గేటు నుంచే రానిచ్చారు. ఒకచోట మాత్రం మేళగాళ్ల బండి అనుకున్నారు. ఆమె రెండోసారి పాయసం వేయించుకున్నారు.

మేడం ఇప్పుడు ప్రెస్సు మూసేసి పలమనేరులో చల్లగా ఉంటున్నారు. సామాను చేర్చిన రోజున కారు నన్నే నడపమన్నారు. మొగిలి ఘాటు ఎక్కుతుంటే ఎదురుగా లారీలు, పక్కన లోయ. ఏదో సలహా చెబుతారని చూస్తే, ఆమె సీటుకు తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతున్నారు. మలుపుల దగ్గర ఆమె తల ఒరగకుండా చూసుకుంటూ నడిపాను. తర్వాత చాలామంది నా పనిని మెచ్చుకున్నారు, కాగితం మీద కూడా రాసిచ్చారు. కానీ నేను నడుపుతుండగా పక్క సీటులో ఎవరైనా నిద్రపోతే, అదే అన్నిటికంటే పెద్ద మెచ్చుకోలు అనుకుంటాను. లేపకుండా, ఇంకొంచెం నెమ్మదిగా నడుపుతాను.