సున్నాని నమ్మని సారు

సున్నా కనిపిస్తే చాలు, దాని వెనక ఏదో నక్కి ఉందని సారుకి గట్టి నమ్మకం. ఆసుపత్రుల్లో ఉండగా పసికందులకు సోకే జబ్బుల లెక్కలు పైకి సరిగ్గా అందుతున్నాయా లేదా అని చూసి రావడం ఆయన ఉద్యోగం. ఎవరైనా "లేదు" అంటే "ఎలా తెలుసు?" అనడం ఆయన జబ్బు. ఉద్యోగానికైతే సెలవులున్నాయి.

"ఇంట్లో అమ్మగారు ఉప్పు లేదంటే సారు డబ్బా బోర్లించి చూస్తారమ్మా," అని ఆయన డ్రైవరు ముందే ఫోనులో పెద్ద సిస్టరు చెవిన వేశాడు. "మొన్న డాక్టరు గారు జ్వరం లేదంటే, 'ఎలా తెలుసు? ఇంకో థర్మామీటరు తెండి' అన్నారు."

పెద్ద సిస్టరుకి నవ్వు రాలేదు. పసిపిల్లల వార్డు ఆమెది. ప్రతి సోమవారం పైకి వెళ్లే కాగితం మీద నాలుగు నెలలుగా సున్నా చుడుతున్నదీ ఆమే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన జీపు దిగగానే సర్దిన రిజిస్టర్లనే మళ్లీ సర్దింది.

సూపరింటెండెంటు మాత్రం ఛాతీ విరుచుకుని గోడ మీది ప్రశంసాపత్రం చూపించాడు.

"మా వార్డులో క్రిమి అడుగు పెట్టదండీ. గుమ్మం దగ్గరే భయపడి ఆగిపోతుంది."

"ఎలా తెలుసండీ? వెళ్తూ వెళ్తూ చెప్పి వెళ్లిందా?"

ఇక వార్డులో మొదలైంది. చేతులు కడిగారా, ఎలా తెలుసు? నీళ్లు కాచారా, ఎవరు చూశారు? మధ్యాహ్నానికి ఆయాకి ఓపిక నశించింది.

"టీ తెమ్మంటారా సార్?"

"వద్దమ్మా."

"వద్దని ఎలా తెలుసు సార్? తాగి చూస్తే కదా!"

సారు ఒక్క క్షణం ఆలోచించారు. "నిజమే సుమా," అని రెండు కప్పులు తాగారు.

తరవాత మందుల పుస్తకం తెరిచి పెద్ద సిస్టరుని పిలిచారు.

"మీరు పంపిన కాగితాల్లో నాలుగు నెలలూ సున్నా. ఈ పుస్తకంలో పదకొండుమంది పసివాళ్లకి తలా వారం రోజులు ఇంజెక్షన్లు. జబ్బు లేకుండానే పొడిచారా సిస్టర్?"

ఇక దాచి లాభం లేదనుకుంది.

"ఒక్క కేసు రాస్తే నాలుగు పేజీల ఫారం నింపాలి సార్. అది పైకి వెళ్లాక, జబ్బు ఎందుకొచ్చిందో సంజాయిషీ ఇవ్వమంటూ ఇంకో కాగితం. పిల్లల్ని చూసుకోనా, కాగితాలు చూసుకోనా? సున్నాకైతే ఒక్క గుండ్రం చాలు. తప్పే సార్. మందులో మాత్రం తక్కువ చెయ్యలేదు. పదకొండుమందీ బాగానే ఇంటికెళ్లారు."

"బాగానే వెళ్లారని ఎలా..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి సారు ఆగిపోయారు. ఆయన ఆ ప్రశ్న మధ్యలో మింగడం అదే మొదటిసారని డ్రైవరు ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతాడు.

"ఒక ఖాళీ ఫారం ఇవ్వండి," అన్నారు.

కిటికీ గట్టు మీద పెట్టుకుని, నిలబడి తానే నింపడం మొదలుపెట్టారు. పదిహేడో ప్రశ్నే ముప్పై ఒకటోచోట మళ్లీ ఎదురైంది. ఒక ప్రశ్న ఆయనకే అర్థం కాలేదు. అంతలో మూడుసార్లు పిల్లలు ఏడ్చారు, మూడుసార్లూ పెద్ద సిస్టరు పరుగెత్తింది. నలభై రెండు నిమిషాలకి ఆయన కలం మూసి, ఆ ఫారం జేబులో పెట్టుకుని జీపెక్కారు.

మూడు వారాలు ఆమెకి అన్నం సయించలేదు. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది. నివేదిక వచ్చిందని సూపరింటెండెంటు పిలిస్తే కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. అందులో ఆమె తప్పు ఎక్కడా లేదు. "సున్నాలు చుట్టించింది ఫారమే," అని రాశారు సారు. నాలుగు పేజీల బదులు ఆరు లైన్ల చీటీ పెట్టమన్నారు. జబ్బులు ఉన్నవి ఉన్నట్టు చెప్పిన వార్డుని సంజాయిషీ అడగొద్దు, మెచ్చుకోండి అన్నారు.

చీటీలు వచ్చిన సోమవారమే ఆమె ధైర్యం చేసి "మూడు" అని రాసింది. గంటలో సారు ఫోను చేశారు.

"మూడా! శభాష్ సిస్టర్!"

పక్కనే ఉన్న సూపరింటెండెంటుకి ఆయన మతి మీద అనుమానమొచ్చింది. కానీ ఆ ముగ్గురూ ఒకే వరస ఉయ్యాలల్లోని పిల్లలని చీటీల్లో తేలింది. ఆ వరస దగ్గర చేతులు కడుక్కునే సబ్బునీళ్ల సీసాని కడగకుండానే ఏళ్ల తరబడి మీద మీద నింపుతున్నారు. క్రిమి కాపురం అందులోనే! సీసా చెత్తలోకి పోయింది. వైద్యం అయ్యాక ముగ్గురు పిల్లలూ తల్లుల ఒళ్లో ఇళ్లకి వెళ్లారు.

ఆ నెలాఖరున ఇద్దరు మనుషులు ఒక మెత్తటి కుర్చీ మోసుకొచ్చి వార్డులో దించారు.

"ఎవరికిది?" అంది పెద్ద సిస్టరు.

తెచ్చినవాడు నివేదిక చివరి పేజీ చూపించాడు. "వార్డులో రాసుకునేవాళ్లకి కూర్చునే చోటు లేదు. పెద్ద సిస్టరు కాళ్లు వాచి ఉన్నాయి. మంచి కుర్చీ ఒకటి వెంటనే ఇవ్వవలెను."

ఆమె అటూ ఇటూ చూసి మెల్లగా కూర్చుంది. అంతలో మూలనున్న ఉయ్యాల్లో ఒకడు కేర్‌మన్నాడు. ఆమె లేవబోయింది.

"కూర్చోండమ్మా, నే చూస్తాగా," అంది ఆయా.

పెద్ద సిస్టరు కాళ్లు బారజాపి, రెండు నిమిషాలు నిజంగానే కూర్చుంది.