కాటన్ బనియన్, కోల్డ్‌రూం

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఎండాకాలంలో, పటాన్‌చెరులో చలిదుస్తులు కుట్టే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌చార్జ్‌గా చేరాను. నేనుండే ఇంద్రేశం నుంచి చెమటలు కక్కుతూ వెళ్లి, మంచుకొండల్లో తిరిగేవాళ్ల బట్టలు పాస్ చేయడం నా పని. నవ్వేవాళ్లు నవ్వారు. నేను టెక్స్‌టైల్స్ చదివింది వాళ్ల మెప్పు కోసం కాదు.

చేరగానే ఒక పారాగ్లైడింగ్ శిక్షణ కేంద్రం ఆర్డర్ వచ్చింది. పెద్ద రెక్కలాంటి గుడ్డకు తమను కట్టుకుని కొండ మీంచి గాలిలోకి ఎగిరే పైలట్లకు, రాత్రుళ్లు గుడారాల్లో పడుకునే వాళ్ల శిష్యులకు మూడు పొరల బట్టలు కావాలి. ఒంటిని అంటుకుని చెమటను బయటికి పంపే లోపలి పొర, వేడిని పట్టి ఉంచే నడిమి పొర, గాలిని ఆపే పై పొర. అన్నీ కలిపి సంచిలో ఓ మూలకు ఒదగాలి.

ప్రొడక్షన్ మేనేజర్ సత్తయ్య గారిది అక్కడికి దగ్గర్లోని కంది ఊరు. హోదాలో నాకంటే ఒక మెట్టు పైన. కానీ నా సంతకం పడనిదే గుడ్డ మీద కత్తెర పడదు. లోపలి పొరకు ఆయన మెత్తటి కాటన్ ఎంచి, కటింగ్ బల్ల మీద పరిపించేశారు.

“ఒంటికి కాటన్ కంటే మంచిది ఏమున్నది మేడం? మా అవ్వ గూడ గదే చెప్తది.”

“మీ అవ్వ కొండ మీదికెల్లి ఎన్నిసార్లు ఎగిరింది సార్?”

మా ఎండల్లో పెరిగిన ఎవరైనా చేసే పొరపాటే అది. చెమట పీల్చిన కాటన్ ఇక్కడ చల్లగా, హాయిగా ఉంటుంది. అక్కడ ఆ చల్లదనమే ప్రమాదం. రెక్క సంచి మోస్తూ కొండెక్కిన పైలట్ చెమటతో తడుస్తాడు, ఆ తడితోనే చలిగాలిలో కదలకుండా కూర్చుంటాడు. వేళ్లు కొంకర్లు పోతే రెక్కను అదుపు చేసే బ్రేకు తాళ్లు లాగలేడు. తన ముందు కట్టుకుని ఎగిరే శిష్యుడి ప్రాణమూ ఆ వేళ్లలోనే ఉంటుంది.

మా పరీక్ష మాత్రం తేలిక. బట్టలు వేసుకుని పక్క షెడ్డులోని ఐస్‌క్రీం కోల్డ్‌రూంలో కాసేపు కూర్చుంటే చాలు. కాటన్ సుఖంగా పాసైంది. నేను సంతకం పెట్టలేదు. గుడ్డ రోల్ భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కి దిగి, చెమట ఆరకముందే లోపలికి వెళ్లాలని, ఎదురుగా ఫ్యాన్ తిరగాలని పట్టుబట్టాను.

“మీరు సర్కారు ఆఫీసుల ఉండాల్సినోళ్లు మేడం. ఫైళ్లు మస్తు ఆపుతుండిరి,” అన్నారాయన.

ఎవరో హెల్పర్‌ను పంపుతారనుకున్నాను. ఆయనే రోల్ భుజానికెత్తుకున్నారు. కోల్డ్‌రూంలోకి వెళ్లాక ఎక్కువసేపు పట్టలేదు, తలుపు దబదబా బాదారు. బయటికొచ్చి జిప్ లాగబోతే వేళ్లు ఆడలేదు. నేనే లాగాను.

“ఇగ నవ్వుర్రి,” అన్నారు. నవ్వాను. తర్వాత టీ తెప్పించాను.

ఆయన నేరుగా కుట్టు లైన్ ముందుకెళ్లి, “బట్ట మారుస్తున్నం. మేడం చెప్పిందే కరెక్టు, నాదే తప్పు,” అన్నారు. పై హోదాలో ఉన్న మగవాడి నోట ఆ రెండు మాటలు కలిపి నేను విన్నది అదొక్కసారే.

లోపలి పొర, తడిసినా ఒంటిని చల్లబరచని సన్నటి ఉన్ని అల్లికకు మారింది. గెలిచిన ఊపులో నడిమి పొరను మందంగా వేయమన్నాను. అది వేసుకుని ఆయన మళ్లీ మెట్లెక్కి, తడిసి ముద్దయి దిగారు.

“ఇది మనిషికా, బర్రెకా? చెమట వద్దని లొల్లి చేసింది మీరే, తెప్పిస్తున్నది మీరే!”

ఆయన అన్నది నిజమే. పలచటి పొరకు ఒప్పుకున్నాను. ఎక్కేటప్పుడు దాన్ని విప్పి సంచిలో పెట్టుకోవాలని, పైన ఆగిన వెంటనే వేసుకోవాలని లేబుల్ మీద రాయించి సంతకం పెట్టాను.

ఆ ఉద్యోగం మానేశాక కూడా, క్యాంపింగ్‌కు వెళ్లే బంధువులు ఏ జాకెట్ కొనాలని అడుగుతుంటారు. ముందు లోపల ఏం వేసుకుంటున్నారో చెప్పమంటాను. పై పొరను గాలిని బట్టి, లోపలి పొరను మీ చెమటను బట్టి ఎంచుకోవాలి. ఆ ఆర్డర్ నాకు నేర్పిన ఇంకో సంగతి కూడా ఉంది. నా సంతకం తప్పును ఆపగలదు, అంతే. దాన్ని సరిచేయాలంటే ఎదుట వాదించే మనిషి తానే వేసుకుని చూడాలి. నాకు సత్తయ్య గారు దొరికారు.