బస్సు ముందర నడిచిన ఊరు

మొన్న మా ఇంటికొచ్చిన అక్కను తిరుపతిలో డాక్టరుకు చూపిద్దామని బయలుదేరదీసి, మిట్టమధ్యాహ్నం ఎండలో బైపాస్ పక్కన నిలబడ్డాను. కొత్త కరెంటు బస్సు చప్పుడు లేకుండా వచ్చింది. నుదుటిమీద మా ఊరి పేరు ఎర్రటి లైట్లతో వెలిగిపోతోంది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను, అది వచ్చినంత నిశ్శబ్దంగానే వెళ్ళిపోయింది. పేరు మా ఊరిదే, ఊళ్ళోకి మాత్రం రాదు. బైపాస్ పడినప్పటినుంచీ ఇదే వరస. మోకాళ్ళు పట్టేసిన మనిషిని ఊళ్ళోంచి ఆటోలో ఇక్కడికి తేవాలి, తెచ్చి బస్సుకు దండాలు పెట్టాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం కొంగు నెత్తిన కప్పుకుని, "పోనీలేమే, ఇంకోటి వస్తాది" అనింది. ఆమె అట్లా అంటే నాకు ఇంకా మండుతుంది. ఈ రూటు బస్సును తిట్టే హక్కు మా ఊళ్ళో ఒక్కరికే ఉంటే అది ఆమెకే. ఆమె తిట్టదు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను.

ఇప్పుడంటే మా ఊరికీ తిరుపతికీ మధ్య అపార్టుమెంట్లే గానీ, మా చిన్నప్పుడు చంద్రగిరి రోడ్డు చేరాలంటే మామిడితోపుల్లో పడి గంటసేపు నడవాలి. నాకంటే ఒక్క ఏడు పెద్దదైన అక్క పదో తరగతి పాసయింది. ఊళ్ళో ఆడపిల్ల పది పాసవడం అదే మొదలు. తిరుపతిలో కాలేజీకి పోతానని మూడుపూటలా నాయన వెంటపడింది. మా నాయన చెడ్డవాడు కాదు, మొండివాడు. "ఊర్లోకి బస్సొస్తే పో. తోపుల్లో ఒంటిగా పంపించేది మాత్రం లేదు" అని తేల్చేశాడు. ఆ మాటను అక్క గట్టిగా పట్టుకుంది. ఊరికి పెద్ద మా పెద్దనాయనే. ఆయనను బతిమాలి, అలిగి, అన్నం మాని, బస్సు డిపోకు పంపించింది. ఆయన చెప్పులరిగేలా తిరగ్గా తిరగ్గా, అక్కడి ఆఫీసరు చివరికి ఒక మాటిచ్చాడు. ఒకరోజు నడిపి చూస్తారట. జనం ఎక్కితే బస్సు ఉంటుంది, ఎక్కకపోతే లేదు. చంటిపిల్ల కూడా నెగ్గగల పరీక్ష అది.

ఆ రోజు ఊరంతా తెల్లారేసరికి అలికి ముగ్గులేశారు. బస్సు వచ్చింది. గుమ్మడికాయతో దిష్టి తీశారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు పెద్దనాయన గంగమ్మ పటం తెచ్చి, డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టి, చేంతాడంత కనకాంబరాల దండ వేశాడు. మా ఊళ్ళో కొత్త బండి ఏదొచ్చినా తొలి పయనం అమ్మవారిదే. ఎద్దులబండి అయినా అంతే, ట్రాక్టరయినా అంతే. అమ్మవారు ఎక్కి కూర్చున్నాక మనుషులు ముందర నడవాలి. ఇంకేం, పలక డప్పులు కొట్టుకుంటూ, హారతి పళ్ళేలు పట్టుకుని, ముసలీ ముతకా సహా ఊరు ఊరంతా బస్సు ముందర నడిచింది. వెనకాల బస్సు ఎద్దుకంటే నెమ్మదిగా వస్తోంది. కండక్టరు తల బయటపెట్టి నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"ఎక్కండప్పా! ఒక్క టికెట్టన్నా కొట్టకుంటే నేనేమని చెప్పేది?"

పెద్దనాయన వెనక్కి తిరిగి, "అమ్మోరు కూచోనుంటే ఆయమ్మకు సరిసమానంగా మేం కూచుంటామా అబ్బా? రేపట్నించి ఎక్కుతాం గదా!" అన్నాడు.

ఆ గుంపులో సంగతి అర్థమైంది అక్కకు ఒక్కదానికే. పరుగున పోయి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది. "ఎవురూ ఎక్కకుంటే బస్సు రాదు నాయనా, నేనన్నా ఎక్కుతా!" అని అరిచింది. పలకల మోతలో అది ఎంతమందికి వినపడిందో తెలీదు. నాయనకు వినపడింది. "దిగుమే! అమ్మోరుండే బండెక్కుతావా, కండ్లు పోతాయి!" అని రెక్క పట్టి దింపేశాడు. చంద్రగిరి రోడ్డు దగ్గర చెకింగ్ ఆఫీసరు కాచుకుని ఉన్నాడు. లోపలికి తొంగి చూశాడు. అమ్మవారికి దండం పెట్టుకున్నాడు, బొట్టు పెట్టించుకున్నాడు, కొబ్బరిచిప్ప పుచ్చుకున్నాడు, ఈ ఊరికి బస్సు అక్కర్లేదని రాసుకుని పోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు పూజారి గడపదాకా వచ్చి ఇస్తానంటే, మేమే మేళతాళాలతో సాగనంపాం. మర్నాడు ఊరంతా తలకు పోసుకుని, చిల్లర పట్టుకుని, మలుపు దగ్గర నిలబడ్డారు. ఎండెక్కాక ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు. అక్కను మధ్యాహ్నం అమ్మ వెళ్ళి పిలుచుకొచ్చింది.

"నేను మాట తప్పలేదు, బస్సే రాలేదు" అన్నాడు నాయన. నిజమే, ఆయన మాట తప్పలేదు. అందుకే ఆయనమీద కోపం ఎటు తోసినా ఎటూ పోదు. పెద్దనాయన మళ్ళీ డిపో చుట్టూ తిరిగి, ఆ మరుసటేడు బస్సు సాధించాడు. ఈసారి అమ్మవారిని ఎవరూ ఎక్కించలేదు, జనం టాపు మీద కూడా ఎక్కారు. అప్పటికి అక్కకు ఐరాల సంబంధం కుదిరిపోయింది. "బస్సొచ్చింది గదా నాయనా" అని అడగనైతే అడిగింది. "లగ్నం పెట్టుకున్నాక కాలేజీ ఏందిమే" అన్నాడాయన. ఆ ఏడు పది పాసయినది నేను. కాలేజీ తెరిచిన మొదటిరోజు కిటికీలోంచి తువ్వాల వేసి నాకు సీటు పట్టింది అక్కే. బస్సు కదిలేదాకా నవ్వుతూనే నిలబడింది. నేను ఆ బస్సులోనే చదివి, టీచరునై, మేనత్త కొడుకును చేసుకుని ఊళ్ళోనే ఉండిపోయాను. ఆమె ఐరాలలో చెరకు నరికించింది, బెల్లం వండింది.

మొన్న రెండో బస్సు ఆగింది, దాని పుణ్యమా అని. అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కాలేజీ గేటు రాగానే నా మోచెయ్యి గిల్లి, "నువ్వు సదివింది ఈడేనామే?" అంది. ఈ దారిన ఎప్పుడు పోయినా అడుగుతుంది. తెలియక కాదు.

"ఈడే అక్కా."

"పెద్దదే" అని, గేటు కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూసింది.

నాయన లేడు, పెద్దనాయన లేడు, గంగమ్మను అనలేను. ఎవరిని తిట్టను? మా ఊరికి బస్సు ఒక్క ఏడాది ఆలస్యంగా వచ్చిందని అందరూ అంటారు. అక్కకు ఇంకా రాలేదు.