పది గంటల గోళీ

ఇది ఒక వీరగాథ. ఇందులో ఒక మహాయోధుడు, కాలంతో ఆయన చేసిన భీకర పోరాటం, చివరి క్షణంలో ఆదుకున్న నమ్మిన బంటు, అన్నీ ఉన్నాయి. అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి ఆ యోధుడు రోజంతా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. నమ్మిన బంటును నేనే. నేను చేసిన ఘనకార్యాల్లో ఒకటి, నర్సు పేరు కనుక్కోవడం. రోజూ పొద్దున పది గంటలకు, శంషాబాద్ విమానాశ్రయంలో మా వీల్‌చైర్ కౌంటర్ దగ్గర నా ఫోన్ కీచుమని మోగుతుంది. ఆ మోత వినగానే, చేతిలో వేడి కాఫీ ఉన్నా సరే, నాకు ఫినాయిల్ వాసనే వస్తుంది. పక్కనున్నవాళ్ళు "ఏందన్నా, గేటు మారిందా?" అని అడుగుతారు. లేదు, దేవదానం సార్ మందు గోళీ టైమైంది.

దేవదానం సార్‌ది రావిర్యాల. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా కౌంటర్ ఇంచార్జి ఆయనే. నడవలేని ప్రయాణికులను కుర్చీలో కూర్చోబెట్టి విమానం దాకా చేర్చడం మా పని. మొదటి రోజు ఒక ముసలమ్మ కుర్చీని నేను జోరుగా తోసుకుపోతుంటే వెనక నుంచి కేక వినిపించింది. "మల్లేశ్! సూట్‌కేసా అది?" కాదన్నాను. "మరి జర అడుగు. పోదామా అమ్మా అని అడిగినంక కదిలియ్యి." ఆ తర్వాత నేర్పింది అప్పగింత. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ప్రయాణికుడు మారేటప్పుడు మనిషెవరు, ఏం ఇబ్బంది, ఏం కావాలి, ఎన్ని గంటలలోపు కావాలి అని చెప్పాలి. తీసుకునేవాడు అదంతా తిరిగి అప్పజెప్పాలి. చివర్న అతని పేరు అడగాలి. "తలకాయ ఊపితె లెక్కకు రాదు, నోటితోని చెప్పాలె," అనేవాడాయన. నేను ఆయన వెనక నిలబడి ఇదంతా ఆయన గొంతుతోనే అనుకరించి అందరినీ నవ్వించేవాణ్ణి. అట్లా నాకు తెలియకుండానే కంఠస్థం వచ్చేసింది.

కొన్నాళ్ళకు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మేం గుసగుసలాడుకునే లోపే, ఆయన డ్యూటీ లిస్టు చదివినంత మామూలుగా చెప్పేశాడు. "గిది భయం కాదు, పార్కిన్సన్స్ అనే జబ్బు. గోళీ టైముకు పడితె మీకంటె జల్ది నడుస్త. తప్పితె కొయ్యలెక్క అయిత, అప్పుడు కుర్చీ నాకే కావాలె." పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. అన్నానికి అరగంట ముందే వేసుకోవాలి. విమానాలు ఆలస్యమయ్యాయి గానీ ఆయన గోళీ ఎన్నడూ కాలేదు.

ఆయన రిటైరైన తర్వాతి ఏడాది హెర్నియా ఆపరేషన్ పడింది. దవాఖానలో ఒక్కరినే లోపలికి రానిస్తారు. సార్ భార్యకు జ్వరం, కూతురు సాయంత్రం గానీ రాదు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. సార్ ఆరు గంటల గోళీ ఇంట్లోనే వేసుకుని, మిగతావి రేకులతో సహా తెచ్చుకున్నాడు. వాటి వేళలు రాసిన కాగితం కూడా తెచ్చాడు. కాగితాన్ని చేర్చుకునేచోట ఇచ్చాం. వాళ్ళు దాన్ని ఫైల్లో పెట్టారు, ఫైలు ఎటో వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి ఆపరేషన్ అన్నారు, మంచానికి "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అని బోర్డు తగిలించారు. తొమ్మిది పదకొండైంది, పదకొండు ఒంటిగంటైంది. ఆలస్యాన్ని ఇంత ప్రశాంతంగా ప్రకటించడం మా దగ్గర కూడా చూడలేదు.

సార్ గోళీ కోసం పెట్టుకున్న అలారం పదింటికి నా ఫోన్‌లో మోగింది. సార్ నా వైపు చూశాడు. "గోళీ ఏదిరా?"

"బోర్డు ఉంది కద సార్, ఏం ఇయ్యొద్దని."

విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళకు ఉండే రోగమిది. కళ్ళెదుట విమానం కనిపిస్తున్నా సరే, బోర్డు మీద రాలేదని ఉంటే రానట్టే. ఎవరినీ అడగకుండా కూర్చుని, పైగా జోకు వేశాను. "ఇయ్యాల మీరు గూడ లేటు ఫ్లయిటే సార్." ఆయన సగం నవ్వాడు. పదకొండయ్యేసరికి ఆ సగం నవ్వు కూడా లేదు. ముఖం కదలడం మానేసింది. చెయ్యి భుజం దాకా బిగుసుకుపోయింది. ఏదో చెప్పబోతే గొంతు రాలేదు, పెదవి మూల నుంచి ఉమ్మి జారింది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. అప్పుడు ఇంకో జోకు కోసం వెతికాను. దొరకలేదు.

నర్సు దగ్గరికి పరుగెత్తాను. "సిస్టర్, జర గోళీ..."

"బోర్డు చూడలేదా?" అందామె, తలెత్తకుండా.

రెండడుగులు వెనక్కి వేశాను. మళ్ళీ తిరిగాను. ఏళ్ళ తరబడి వెక్కిరిస్తూ వల్లించిన అప్పగింత దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. "ఏడో మంచం, దేవదానం సార్. పార్కిన్సన్స్ ఉంది. పది గంటల గోళీ పడలే, ఇప్పుడు పదకొండు. కదుల్తలేడు, మాట వస్తలేదు. ఆపరేషన్ ఒంటిగంటకంట. మత్తు డాక్టర్‌ని ఇప్పుడే అడగాలె. ఇగ మీరొకసారి నాకు చెప్పండి."

"నేనెందుకు చెప్పాలి?"

"మా సార్ గట్లనే నేర్పిండు."

విసుక్కుంటూనే మొదలుపెట్టింది. "ఏడో మంచం, పార్కిన్సన్స్, పది గంటల గోళీ పడలేదు, మాట..." అక్కడ ఆగిపోయింది. లేచి మంచం దగ్గరికి వచ్చి, ఆయన్ను ఒక్క చూపు చూసి ఫోన్ అందుకుంది.

మత్తు డాక్టర్ వచ్చి సార్‌ని పైకి లేపి కూర్చోబెట్టించాడు. చెంచాడు నీళ్ళు తాగించి, మింగగలుగుతున్నాడని చూసుకున్నాకే గోళీ వేయించాడు. "ఆపరేషన్ ఉన్నా ఈ గోళీ మానొద్దు, గుక్కెడు నీళ్ళతో వెయ్యొచ్చు. పొద్దున్నే నాకు చెప్పాల్సింది," అన్నాడు. ఫైలు తెప్పించి అయిదు వేళలూ పైనే రాశాడు. వాంతులకు మామూలుగా ఇచ్చే కొన్ని ఇంజక్షన్లు ఈ జబ్బుకు పడవట, అవి ఇవ్వొద్దని కూడా రాశాడు. వచ్చిన పని అయిపోగానే వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ వణికే చెయ్యి మళ్ళీ ఎప్పుడు వణుకుతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి చెయ్యి వణకాలని కోరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ముప్పావుగంటకు బొటనవేలు కదిలింది. తర్వాత మెడ. ఆ తర్వాత మాట. కృతజ్ఞతలు చెబుతాడని వంగి చెవి పెట్టాను.

"సిస్టర్ పేరేంది?"

"అడగలే సార్."

"ఇగ గదే నీతోని," అని హాయిగా కళ్ళు మూసుకున్నాడు. వెళ్ళి అడిగొచ్చాను. సునీత.

ఒంటిగంట ఆపరేషన్ మూడింటికి జరిగింది. రెండింటికి నర్సుల డ్యూటీ మారేటప్పుడు, సునీత సిస్టర్ తన చేత్తోనే గోళీ వేసి, కొత్తగా వచ్చిన ఆమెను మంచం దగ్గరికి పిలిచింది. "ఏడో మంచం. పార్కిన్సన్స్. రెండు గంటల గోళీ అయింది, మళ్ళ ఆరింటికి. బోర్డు ఉన్నా డాక్టర్‌ని అడగాలె, ఆపొద్దు." కొత్తామె తల ఊపింది. "ఊపుడు కాదు, చెప్పు," అంది సునీత. సార్ నా వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు మా కౌంటర్‌లో ఎవరికీ దక్కలేదు. అది కూడా నాకు కాదు, సునీతకు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు సార్ రావిర్యాలలో రోజూ సాయంత్రం టీ కొట్టు దాకా నడిచివెళ్తాడు. ఇంచార్జి కుర్చీలో నేనున్నాను. ఎవరు తల ఊపినా నమ్మను, బోర్డు చదివినా పక్కవాళ్ళను అడుగుతాను, పేరు కనుక్కోకుండా కదలను. నా వెనక నిలబడి నన్ను అనుకరిస్తున్నారని తెలుసు. అనుకరించనీ, కంఠస్థం వస్తుంది. ఇంత జరిగాక ఆయన పది గంటల గోళీని నేను మరిచిపోగలనా? మొన్న అలారం మోగగానే గర్వంగా ఫోన్ చేశాను. "సార్, పదైంది. గోళీ."

"డాక్టర్ దాన్ని తొమ్మిదిన్నరకు మార్చి నెలయింది మల్లేశ్. జర అలారం మార్చుకో."

ఇంకా మార్చలేదు.