నల్ల బాణానికి తెల్ల అంచు

డెబ్బైల్లో నేను బెజవాడలో ఒక ఎరువుల కంపెనీకి బొమ్మలు గీసేవాణ్ణి. గన్నవరంలో రైతులకు వరి తెగుళ్ళ పటాన్ని మా మేనేజరు నల్ల బాణమున్న కర్రతో చూపిస్తుంటే, ముదురు రంగుల మీద బాణం కనిపించలేదు.

"ఎక్కడ చూపిస్తున్నారో తెలీట్లేదండీ," అన్నాడొక ముసలి రైతు.

"కళ్ళజోడు కొనుక్కో," అన్నాడు మేనేజరు. నాకు ఒళ్ళు మండింది.

తెల్ల బాణం చేసి చూస్తే తెల్ల కాగితంలో కలిసిపోయింది. చివరికి నల్ల బాణం చుట్టూ తెల్ల అంచు వేశాను. ఏ రంగు మీదైనా స్పష్టంగా కనిపించింది.

తర్వాతి సభలో డైరెక్టరుగారు అది చూసి మెచ్చుకున్నారు.

"నా ఐడియానేనండీ," అని మేనేజరు నావైపు తిరిగాడు. "ఏమయ్యా?"

"అవునండీ," అన్నాను.

మేనేజరు మీదా, నా మీదా రోత పుట్టింది. తిరుగు బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉన్నా, బెజవాడ దాకా నిలబడే వచ్చాను.