కోరా

మొన్న బీదర్‌ల బట్టల అంగడిల తెల్లబట్ట తాను విప్పుతుంటె గంజి వాసన గుప్పుమన్నది. "కోరా బట్టమ్మా, ఇంకా నీళ్లు తాకలే," అన్నడు అంగడాయన. నేను బయటికొచ్చి మెట్ల మీద కూసున్న.

మా ఊరు కమఠాణల బాపు మంచం పట్టిననాడు నాకు ఆరేండ్లు. చూడొచ్చినోళ్లందరు ఆయనతోని "తక్కువైతది, భయపడకు" అనేటోళ్లు. ఒకనాడు వాకిట్ల మామ, అమ్మతోని మెల్లగ, "అక్కా, అంగడి దూరం. కోరా బట్ట ముందే తెచ్చిపెడ్త," అన్నడు. అమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది.

నాకు బడిల కన్నడం, ఇంట్ల తెలుగు. కోరా ఉర్దూ మాటని నాకేమెరుక? కోరుకున్నోళ్లకు తెచ్చే బట్ట అనుకున్న. లోపలికి ఉరికిన.

"బాపూ, మామ నీకు కోరా బట్ట తెస్తడట! ఏ రంగు కోరినవ్?"

బాపు నన్ను దగ్గరికి పిలిచిండు. "దానికి ఒక్కటే రంగు బిడ్డా," అని నా తల నిమిరిండు.

ఆ ఉతకని తెల్లబట్టల చుట్టి బాపును పాడె మీద పండవెట్టినంక గాని నాకు ఆ మాట తెలువలే. ఇంటిల్లిపాది దాచిన సంగతిని ఆయనకు ఎగురుకుంట పోయి చెప్పింది నేనే.